సభ్యుల పట్టికలో ఇంటిపేరు గడి
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తమిళనాట స్థిరపడిన మన కుటుంబముల పట్టికను కంప్యూటరునకెక్కించునపుడు మాకెదురైన చిక్కొకటి విన్నవించుచున్నాము. ఆ వెబ్ అప్లికేషను రూబీ ఆన్ రెయిల్స్‌తో కట్టబడినది. సభ్యుని నమోదునకు అందులో మోడల్ అని పేరు; పేరు, ఇంటిపేరు, ఫోను నెంబరు, సభ్యత్వ సంఖ్య మున్నగునవి దాని యాట్రిబ్యూట్లు. ఏ నమోదైనను నియమముల పరీక్షలో నెగ్గినగాని డేటాబేసునకు చేరదు.

సభ్యత్వ సంఖ్యను సభ్యులు వ్రాయరు, ప్రోగ్రామే చేర్చును. అది ఖాళీగా నుండరాదని నియమము. చేర్చు పనిని మేము 'బిఫోర్ సేవ్' అను ఘట్టమున నుంచితిమి. వచ్చిన ప్రతి దరఖాస్తును తిరిగిపోయినది! ఏలయన, ఆ ఘట్టము పరీక్ష ముగిసిన పిదపనే వచ్చును. పెండ్లిచూపులవారు లేచిపోయిన తరువాత పిల్లకు జడ వేసినట్లయినది.

పరీక్షకు ముందుండు ఘట్టము 'బిఫోర్ వాలిడేషన్'. పనిని అక్కడికి మార్చితిమి. అయితే ఒకే నమోదునకు పరీక్ష పలుమార్లు జరుగవచ్చును గనుక, సంఖ్య లేనపుడే చేర్చవలెను. పాత రెయిల్స్‌లో మరియొక ఉచ్చు గలదు: ఈ ఘట్టపు చివరి పంక్తి విలువ 'ఫాల్స్' అయినచో నమోదు ఆగిపోయెడిది. చందా చెల్లించెనా అను గడిలో లేదని నింపు పంక్తి చివర నున్న చాలును, ఏ తప్పును చూపకయే సభ్యుడు మాయమగును. 2016లో వచ్చిన రెయిల్స్ 5తో ఈ పద్ధతి మారినది. ఆపదలచినవారు 'అబార్ట్' అని విప్పి చెప్పవలెను. ఫోను నెంబరులోని ఖాళీలను తీయుట వంటి పనులకు 2023 నాటి రెయిల్స్ 7.1లో 'నార్మలైజెస్' అను సదుపాయమే వచ్చినది.

ఇది యంత్రపు మాట. ఇంటిపేరును తప్పనిసరి చేసితిమి గదా, అది లేనిచోట తండ్రిపేరులోని మొదటి అక్షరమును నింపు పంక్తిని మాలో ఒకరు అదే ఘట్టమున వ్రాసిరి. పరీక్ష హాయిగా నెగ్గినది. ఇక్కడ బడిలోను ఆఫీసులోను మనకు ఆ అక్షరమే అలవాటు. ఎవరికిని అనుమానము రాలేదు. కాని ఇంటిలో అవ్వనడిగిన అసలు ఇంటిపేరు చెప్పును. గడి నిండియుండగా అవ్వనడుగువారెవరు? సంఖ్యను ప్రోగ్రాము పుట్టింపవచ్చును, ఇంటిపేరును పుట్టింపరాదు.

ఆ పంక్తిని కొట్టివేసి, నియమమును సడలించి, ఖాళీని ఖాళీగనే విడిచితిమి. అట్టి గడుల జాబితా కార్యదర్శుల చేతికిచ్చినాము. వారు మీ ఇంటికి వచ్చినపుడు, దయచేసి పెద్దలను పిలిచి కూర్చుండబెట్టుడు.