తాళం పడ్డ బడి ఊరందరిది కావాలె

(త్రిపురారం సభలో చేసిన ప్రసంగ పాఠం)



2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచిన ఆ సమ్మెలకు పంతుళ్లు కూడా దిగిండ్రు, బడులకు తాళాలు పడ్డయి. రేపు మన రాష్ట్రంల మన బడి బాగుపడ్తదన్న నమ్మకంతోని వేసుకున్న తాళాలవి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇయ్యాల మాట్లాడేది ఇంకో తాళం ముచ్చట. పిల్లలు లేక పడ్డ తాళం. కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల్ల, ఒక్క విద్యార్థి కూడా చేరని బడులు తెలంగాణల 2,245 ఉన్నయి. దేశంల పశ్చిమ బెంగాల్ తర్వాత మన పేరే.

ఎందుకు ఖాళీ అయినయో మీకు చెప్పేదేమున్నది? పొద్దుగాల తండా మలుపుల పసుపు బస్సు హారన్ కొడుతది. గురుకులంల సీటొస్తే పిల్ల అటే పోతది. మిగిలినోళ్లకు ఒక్క పంతులు, ఐదు తరగతులు. ఈ కొట్లాట వేరే ఉన్నది, దాన్ని ఇడిచిపెట్టేది లేదు. కాని ఆ కొట్లాట తెగేదాక బిల్డింగు ఆగదు. రెండు వానకాలాలు పట్టించుకోకుంటే స్లాబు పెచ్చులు ఊడుతయి, కిటికీలకు రెక్కలుండయి, వరండాల సీసాలు దొర్లుతయి.

1987ల ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం పెట్టినప్పుడు ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలన్నరు. రెండు గదులు, ముందట వరండా, ఒక చెట్టు - మన ఊర్ల బడి అంటే కండ్ల ముందు కనబడేది ఇదే. గదులు సర్కారియే కావచ్చు, జాగ మాత్రం చాలాచోట్ల ఊరోళ్లు ఇడిచిపెట్టిందే. అందుకే అది ఎవరి చేతికి పోతున్నదో అడిగే హక్కు ఊరికున్నది.

మనది సాగర్ ఎడమ కాల్వ కింది వరి సీమ. వడ్లు ఎండబోసే జాగ లేక రోడ్ల మీద పోస్తున్నం. అట్లాంటప్పుడు ఖాళీ బడి కనబడితే ఎవరైనా నాలుగు బస్తాలు పెడతరు, మేము తప్పు పట్టం. కాని ఒక సీజన్ బస్తాలు పెట్టినాయన రెండో సీజన్‌కు తాళం మారుస్తడు. మూడో ఏడు గోడ జరుగుతది. నాలుగో ఏడు ఆ జాగ ఎవరిదని అడిగినోడే ఊర్ల చెడ్డోడైతడు.

ఇంకో సంగతి కొంచెం కటువుగనే చెప్తం. మన ఊర్లల్ల సంఘం బిల్డింగులకు తక్కువ లేదు. ఈ కులానికొకటి, ఆ కులానికొకటి. ఎమ్మెల్యే నిధులతోని కట్టుకున్నయి, శిలాఫలకాలున్నయి. ఎవరి దాంట్ల వాళ్లు కూసుంటరు. ఊరందరి పిల్లలు ఒక్క చాప మీద కూసున్న కప్పు ఏదన్నా ఉంటే అది సర్కారు బడే. దాన్ని కూడా ఒక కులానికో, ఒక పార్టీకో రాసిచ్చినమంటే ఊరికి ఉమ్మడి జాగ మిగలదు. దళితవాడ అక్క, తండా చెల్లె ఎవరినీ అడగకుంట లోపలికొచ్చి కుర్చీల కూసోగలగాలె. కమ్యూనిటీ సెంటర్‌కు మేము పెట్టే మొదటి పరీక్ష ఇదే. రంగులు, టైల్సు తర్వాత.

లోపల ఏం పెట్టాలె? ఒక గదిల చదువుకునే జాగ, పుస్తకాలు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే మన పిల్లలు హైదరాబాద్ పోయి చిక్కడపల్లి లైబ్రరీల సీటు కోసం తండ్లాడుతున్నరు. రూము కిరాయి కట్టలేనోడు ఇంటికాడనే ఆగిపోతున్నడు. ఫ్యాను, ట్యూబ్‌లైటు, బెంచీలుంటే వానికది చాలా పెద్ద ఆసరా. రెండో గదిల మహిళా సంఘాల మీటింగు, పిల్లలకు టీకాలు, పింఛన్లు పంచే రోజు ముసలోళ్లు నీడకు కూసునే తావు. వాకిట్ల బతుకమ్మ.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1918లనే నల్లగొండల షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గ్రంథాలయం పెట్టిండు, 1922ల నీలగిరి పత్రిక నడిపిండు. మీటింగు పెట్టుకోవాలన్నా సర్కారు ఇజాజత్ కావాలన్న నిజాం కాలమది. ఇయ్యాల ఇజాజత్ అక్కరలేదు, పైసలు కూడా మనమే కడుతున్నం. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మీ రసీదు తీసి చూడుండ్రి. ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతున్నయా, మన ఊరికి ఒక్క పుస్తకమన్నా తిరిగొచ్చిందా, పంచాయతీ కార్యదర్శిని అడుగుండ్రి. ఉద్యోగ మిత్రులకు ఈ కాగితాల దారి తెలుసు. ఈ పని మీరు ఎత్తుకోవాలె.

మాటతోని తాళం తియ్యొద్దు. ప్రాథమిక బడి చాలాచోట్ల మండల పరిషత్‌ది. కాబట్టి ముందు గ్రామసభ తీర్మానం, తర్వాత ఎంఈవోకు, మండల పరిషత్‌కు దరఖాస్తు, స్లాబు తట్టుకుంటదా అని పంచాయతీరాజ్ ఇంజనీరు రాతపూర్వక రిపోర్టు. ఈ రిపోర్టు రాకుంట ఒక్క పిల్లగాన్ని కూడా లోపల కూసోబెట్టొద్దు. తీర్మానంల ఒక మాట తప్పకుంట రాయించాలె: పిల్లలు మళ్ల వస్తే గదులు బడికే ముందుగాల ఇయ్యాలె. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉన్నది. చిన్న పిల్లలకు కిలోమీటరు లోపల బడి ఉండాలన్నది దాని కింది నియమం. బిల్డింగు వాడుకుంటున్నరు కదా, ఇగ బడి ఎందుకని రేపు ఏ ఆఫీసరూ అనొద్దు.

తాళంచెవి ఒక్కని జేబుల ఉండొద్దు. ఒకటి పంచాయతీల, ఒకటి మహిళా సంఘం దగ్గర, ఒకటి చదువుకునే పిల్లల దగ్గర. కరెంటు బిల్లు ఎవరు కడతరో మొదటి రోజే రాసుకోవాలె. ఇసుంటి మంచి పనులు మస్తుగ ఆగిపోయేది ఆ బిల్లు కాడనే.

తీర్మానం నమూనా రాసి తెచ్చినం, ఆ బల్ల మీద ఉన్నది. సభ అయినంక ఊరికొక కాపీ తీసుకపోండ్రి. మీ ఊరి బడి పేరు, గదులెన్ని, తాళం ఎప్పుడు పడ్డది, ఇప్పుడు లోపల ఏమున్నది - ఈ నాలుగూ రాసిచ్చి పోతే మా పత్రికల ఊరి పేరుతోని అచ్చేస్తం.