త్రిజ్యయు రేడియనును



చాలకాలము లెక్కలు చెప్పిన వాడనై యుండియు ఒకనాటి సాయంకాలము, నాయుడుపేటలో మా యింటి అరుగుమీద, మనుమని అన్యాయముగా గద్దించితిని. 30 అంశల కోణమునకు, అనగా 30 డిగ్రీలకు, జ్య సగము కావలెను గదా. వాడు గణనయంత్రమును నొక్కి ఋణము 0.988 అనెను. “నేను 30యే నొక్కితిని తాతయ్యా” అని కన్నీరు పెట్టుకొనెను. వాని మాట నిజమే. యంత్రము అంశలలో గాక రేడియనులలో లెక్కించుచుండెను. సంఖ్య సరియే, మానము వేరు. తూము ధాన్యమును పుట్టి యని వ్రాసికొన్నట్లయినది.

రేడియనన నేమి? బండిచక్రపు నడుమనుండి అంచువరకు ఒక త్రాడు కొలిచి తీసికొనుడు. దానినే అంచువెంబడి వంచి పరచుడు. త్రాడు కప్పిన మేర నడిమి బిందువువద్ద చేయు కోణమే ఒక రేడియను. చక్రము చిన్నదైనను పెద్దదైనను ఆ కోణము మారదు. అంచు చుట్టును త్రాడు సుమారు 6.2832 మారులు పట్టును. ఆ చుట్టే 360 అంశలు. కావున 180 అంశలకు 3.1416 రేడియనులు. అంశలను రేడియనులుగా మార్చుటకు 3.1416చే గుణించి 180చే భాగింపవలెను. రేడియనులను అంశలుగా మార్చుటకు 180చే గుణించి 3.1416చే భాగింపవలెను.

రేడియనను పేరు 1873లో బెల్ఫాస్టున జేమ్సు థామ్సను కూర్చిన పరీక్షాపత్రమున అచ్చయ్యెను. తత్త్వము మాత్రము మనకు క్రొత్తది గాదు. క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు 20000 వ్యాసమునకు 62832 పరిధి యని చెప్పెను. అంశలో అరువదవ పాలు కల. వృత్తమున 21600 కలలు. ఆ పరిధికి వ్యాసార్ధము, పై నిష్పత్తిచొప్పున, 3438 కలలగును. ఆయన జ్యాపట్టికకు త్రిజ్య యిదియే. దానిని 60చే భాగించి చూడుడు: 57 అంశల 18 కలలు. ఒక రేడియనును అంతియే!

ప్రయోజనమేమి యందురా? మన నాయుడుపేట భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 13.9 అంశలలో నున్నది. అది 0.2426 రేడియను. భూవ్యాసార్ధమగు 6371 కిలోమీటర్లచే దానిని గుణించిన సుమారు 1546 కిలోమీటర్లు వచ్చును. భూమధ్యరేఖనుండి మన యూరికి గల దూర మదియే. కోణము రేడియనులలో నున్నచో వ్యాసార్ధముచే గుణించిన మాత్రమున చాపము తెలియును. అంశలలో నున్న తెలియదు.

ఆ రాత్రియే మనుమని పిలిచి, తప్పు నాదని యొప్పుకొంటిని. మీ యిండ్లలో బిడ్డలు వింతయైన ఫలము చెప్పినపుడు, గద్దించుటకు మున్ను “ఏ మానమున కొలిచితివి నాయనా?” అని యడుగుడు.

సెలవు.