సీలేరు: మత్స్యగెడ్డ నుంచి దాళ్వా దాకా



ఈ ఉపన్యాసానికి ఒక ఉపనదిని ఎంచుకున్నాను. గోదావరి అనగానే త్ర్యంబకం, బాసర, భద్రాచలం, ధవళేశ్వరం నోటికొస్తాయి. గోదావరి సన్నబడ్డాక డెల్టాలో రెండో పంట దాళ్వాను గట్టెక్కించే నీళ్లు ఎక్కడివంటే మాత్రం తడుముకుంటాం. వాటిలో పెద్ద వాటా సీలేరుది.

మాడుగుల కొండల్లో పుట్టిన ఈ ఏరును పాడేరు మన్యంలో మత్స్యగెడ్డ అంటారు. ఆ ఏటిలోని మత్స్యగుండంలో చేపల్ని కొలుస్తారు, పట్టరు. ఏరు తిన్నగా సముద్రం దారి పట్టదు. ముందు ఉత్తరంగా పోయి, డుడుమ దగ్గర 500 అడుగులకు పైగా కిందికి దూకి, నైరుతికి మళ్లుతుంది. మోటు దగ్గర, మూడు రాష్ట్రాలు కలిసేచోట, శబరిలో చేరుతుంది. కూనవరంలో శబరి గోదావరిలో కలుస్తుంది.

సీలేరు ఆధునిక చరిత్రంతా ఆ దూకుడు నుంచే మొదలైందని నా అభిప్రాయం. 1936లో ఒరిస్సా ఏర్పడి, జయపురం జమీ అటు వెళ్లడంతో, ఒక్క మన్యంగా ఉన్న చోట ఏరు చాలా మేర సరిహద్దయింది. ఆ గీతను కొండవాళ్లెవరూ అడగలేదు. అయితే దూకే నీళ్లు ఇద్దరికీ కావాలి. అందుకే కరెంటు కోసం మద్రాసు, ఒరిస్సా ఒప్పందం చేసుకున్నాయి. 1955లో అక్కడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రాన్ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించేనాటికి మద్రాసు స్థానంలో ఆంధ్ర వచ్చింది. అప్పటి వాటాలు ఆంధ్రకు 70, ఒరిస్సాకు 30 శాతం. తర్వాత బలిమెల, గుంటవాడ, డొంకరాయి జలాశయాలు, మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రం వచ్చాయి.

వానాకాలంలో వృథాగా పోయే నీళ్లు ఆ జలాశయాల్లో ఆగి, కరెంటు కోసం టర్బైన్లు తిప్పుకుంటూ ఎండాకాలంలో దిగుతాయి. అంటే ఏటి రుతువులే మారిపోయాయి. డెల్టా రైతుకు దక్కేది కరెంటు తీసుకోగా వదిలిన నీరు. పంటకు పనికొచ్చే వేళ, కరెంటుకు పనికొచ్చే వేళ అన్నివేళలా ఒకటి కావు. ఏటా పేచీ అక్కడే.

ఈ లెక్కలో కొండవాళ్ల పద్దు వేరు. జోలాపుట్టు జలాశయం నీళ్ల వెనక ముంచంగిపుట్టు, పెదబయలు పల్లెలవాళ్లు నాటుపడవల మీద గెడ్డ దాటడం అలవాటు చేసుకున్నారు. బలిమెల జలాశయం చిత్రకొండ వైపు 151 పల్లెలను బయటి ప్రపంచం నుంచి విడదీసింది. వాటిని మళ్లీ కలిపే గురుప్రియ వంతెన తెరుచుకున్నది 2018లో. కరెంటు తీగకు కొండలు అడ్డం రాలేదు గానీ, బియ్యం బస్తాకు వచ్చాయి.

కింద కూనవరంలో కథ తిరగబడుతుంది. గోదావరి పెరిగితే శబరి నీళ్లు పోవడానికి దారిలేక చింతూరు వైపు ఎగదన్నుతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు అదే జరిగింది. పోలవరం జలాశయం పూర్తిగా నిండితే ఆ వెనకనీళ్లు నిలవనీళ్లవుతాయి. అప్పటికి సీలేరు నీళ్లకోసం ధవళేశ్వరం ఎదురుచూడనక్కర్లేదేమో. ఇప్పటికైతే ప్రతి దాళ్వాకూ నీటిపారుదల సలహామండలి సమావేశాల్లో ఆ ప్రశ్న వస్తూనే ఉంది: సీలేరు నుంచి ఎన్ని క్యూసెక్కులు?