సాలగ్రామంలో సముద్రం

మీ దేవుడి గూట్లో సాలగ్రామం ఉంటే, అందులోని చక్రాన్ని ఒకసారి తేరిపార చూడండి. సుమారు 15 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రంలో బతికిన అమ్మోనైటు అనే ప్రాణి గుల్ల తాలూకు ముద్ర అది. ఈ మాటకు మా అత్తగారు మొదట నొచ్చుకున్నారు గాని, ఇప్పుడు మరింత జాగ్రత్తగా తుడుస్తున్నారు!

సముద్రపు జీవి నేపాల్ కొండల్లో, గండకీ నదిలో దొరకడమేమిటంటారా? భూమి పైపెంకు ఒకే ముక్క కాదండీ, పలకలు పలకలుగా ఉంది. లోపలి వేడికి అవి మెల్లగా కదులుతుంటాయి. మన దేశమున్న పలక ఒకప్పుడు దక్షిణాన ఆఫ్రికాతో కలిసి ఉండేది. విడిపోయి, ఉత్తరానికి జరిగి జరిగి, దాదాపు 5 కోట్ల ఏళ్ళ క్రితం ఆసియాను ఢీకొంది. మధ్యనున్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. దాని అడుగున పేరుకున్నదంతా, గోడకేసి నెట్టిన చాపలా ముడతలు పడి, గుల్లలతో సహా పైకి లేచింది. అదే హిమాలయం.

ఆ తోపుడు ఇంకా ఆగలేదు. ఏడాదికి 5 సెంటీమీటర్లు, మన గోళ్ళు పెరిగే దానికన్నా ఓ పిసరు ఎక్కువ. ఇంతేనా అనకండి. బిగిసిపోయిన రాళ్ళు ఒక్కసారిగా జారితే భూకంపమే. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో అలాగే 9 వేల మంది దాకా పోయారు. ఎక్కువమంది ప్రాణాలు తీసింది కూలిన ఇళ్ళే. మీ అబ్బాయి ఢిల్లీలోనో డెహ్రాడూన్‌లోనో ఇల్లు కొంటానంటే, వంటగది ఎంతుందని తరవాత అడగండి. భూకంపానికి తట్టుకునేలా స్తంభాల్లో ఇనుము వేశారా అని ముందు అడగండి.