మష్ఖ్, ఇస్లాహ్

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం "కళలలో నిరంతర సాధన". సాధన చేయండి అని చెప్పడానికి ఒక ఉపన్యాసకుడు, ఒక మైకు అక్కరలేదు. వేమన పద్యం నేర్చిన ప్రతి పిల్లవాడికీ ఆ సంగతి తెలుసు. నేను ఆలోచించమని కోరేది వేరొకటి. ఇరవై ఏళ్ళ నుంచి గజళ్ళు వ్రాస్తున్నవారు, ముప్పై ఏళ్ళ నుంచి పాడుతున్నవారు మన బస్తీల్లోనే ఉన్నారు. కష్టపడటం లేదని వారిని ఎవరూ అనలేరు. అయినా కొందరి పని మొదటి ఏడాది ఎక్కడ ఉందో ఇవ్వాళ కూడా అక్కడే ఉంటుంది. ఎందుచేత?

మన ఉర్దూలో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి మష్ఖ్, అంటే అభ్యాసం. రెండవది ఇస్లాహ్, అంటే దిద్దుబాటు. మొదటిది అందరూ చేస్తారు. రెండవది చేయించుకునేవారు తక్కువ. నా ఉద్దేశంలో చిక్కంతా ఇక్కడే ఉంది.

ఖుష్‌నవీసీనే తీసుకోండి. పాతకాలపు పద్ధతిలో షాగిర్దు చేతికి మొదట కాగితం ఇచ్చేవారు కాదు. మట్టి పూసి ఆరబెట్టిన తఖ్తీ, రెల్లు కలం, సిరా, అంతే. ముందు విడి అక్షరాలు, అంటే ముఫ్రదాత్. అవి కుదిరిన తరువాతే కలిపి వ్రాసే ముర‌క్కబాత్. తఖ్తీ నిండితే కడిగి మళ్ళీ పూత పూయాలి. ఇంతవరకు మష్ఖ్. కాని అక్షరం కుదిరిందో లేదో తేల్చేదెవరు? వ్రాసినవాడి ఇష్టం కాదు. ఆ విద్యలో ఒక కొలత ఉంది. కలం మొనను కాగితం మీద ఆనించి ఒక చుక్క పెడితే అదే కొలబద్ద. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. సుల్స్ అనే మరో శైలిలో అయితే ఏడు చుక్కలు. ఉస్తాదు ఎర్ర సిరాతో అక్షరం పక్కన చుక్కలు పెట్టి చూపేవాడు, ఇదిగో ఇక్కడ అరచుక్క తగ్గింది, ఇక్కడ వంపు ముందే తిరిగిపోయింది అని. షాగిర్దు మనసు కష్టపెట్టుకోవలసిన పని లేదు. తప్పు అతనిలో లేదు, అక్షరంలో ఉంది. దాన్ని చుక్కలతో కొలవవచ్చును.

పేరుమోసిన ఖుష్‌నవీసులు కూడా మష్ఖ్ మానలేదు. ఒకే కాగితం మీద అక్షరం మీద అక్షరం వ్రాసి, తెల్లచోటు మిగలకుండా నల్లబడేదాకా వ్రాసేవారు. దాన్నే సియాహ్ మష్ఖ్ అన్నారు. చిత్తుకాగితాలుగా పోవలసిన ఆ పత్రాలను తరువాతివారు కళాఖండాలుగా దాచుకున్నారు.

"ఇప్పుడు కాతిబులు ఎక్కడున్నారు సాబ్, అంతా కంప్యూటరే కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. చత్తా బజారులో షాదీ రుఖ్ఖాలు వ్రాసి ఇల్లు గడుపుకున్న చేతులకు పని తగ్గిపోయింది. ఉర్దూ పత్రికల కాతిబుల జీవనోపాధి కూడా అలాగే పోయింది. ఆ బాధను నేను తేలిక చేయను. కాని ఒక్క మాట. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటరు అక్షరాలు వచ్చినప్పుడు వాటికి ఆధారం యంత్రం కాదు. మీర్జా అహ్మద్ జమీల్ అనే ఆయన వేలాది అక్షర సంయోగాలను చేతితో వ్రాశాడు. ఆ తరువాతే అవి యంత్రంలోకి ఎక్కాయి. చుక్క కొలత తెలిసిన చేయి లేకపోతే ఆ అక్షరాలు లేవు.

కవిత్వంలో కూడా ఇదే సంప్రదాయం. దాగ్ దెహ్లవీ మన హైదరాబాదుకు వచ్చి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఉస్తాదై, 1905లో ఇక్కడే కన్నుమూశారు. నాంపల్లి యూసుఫైన్ దర్గా ఆవరణలో ఆయన సమాధి ఉంది. దేశం నలుమూలల నుంచి షాగిర్దులు ఆయనకు టపాలో గజళ్ళు పంపేవారు. ఆయన దిద్ది తిరిగి టపాలో వేసేవారు. పంజాబు నుంచి అలా పంపిన పడుచువాళ్ళలో ఇఖ్బాల్ ఒకరు. కొంతకాలానికే దాగ్, నీ కవితలో ఇక దిద్దవలసింది పెద్దగా లేదని తెలియజేశారట. ఈ సంగతి బాంగ్-ఎ-దరా పీఠికలో షేక్ అబ్దుల్ ఖాదిర్ వ్రాశారు. ఇఖ్బాల్ అంతటివాడే ఎర్రసిరా కోసం తపాలా బిళ్ళ అంటించాడు. మన కుర్రవాళ్ళకు పక్కింటి పెద్దాయనకు చూపడానికి నామోషీ!

ఇంకొక రకం దిద్దుబాటు ఉంది. ఎవరికి వారే చేసుకోవలసినది. గాలిబ్ తన ఉర్దూ దీవాన్ 1841లో అచ్చువేసేటప్పుడు పడుచుతనంలో వ్రాసిన దానిలో చాలా భాగం వదిలివేశాడు. ఆయన పక్కన పెట్టిన పాత ప్రతి ఒకటి భోపాల్‌లో దొరికి 1921లో అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తనకు తాను ఎంత కఠినుడో తెలుస్తుంది. ఉర్దూ రాని సోదరులకు దాశరథిగారి "గాలిబ్ గీతాలు" ఉండనే ఉంది.

ఇక నాకు అన్నింటికంటె ఇష్టమైన ఉదాహరణ మన తెలుగునేల నుంచి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబు. తరతరాలుగా దేవాలయాల్లో నాదస్వరం వాయించిన ముస్లిం కుటుంబం వారిది. తండ్రి కాశిం సాహెబు దగ్గర, పిమ్మట చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చారు. విద్య చేతికి వచ్చింది, కచేరీలు చేసుకుని హాయిగా బ్రతకవచ్చును. కాని రాజరత్నం పిళ్ళె వాయిద్యంలోని తంజావూరు బాణీ ఆయన్ని నిలవనీయలేదు. తమిళదేశం వెళ్ళి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర మళ్ళీ శిష్యుడుగా కూర్చున్నారు. ఆలోచించండి. వంశపారంపర్యంగా వచ్చిన బాణీ, అలవాటైన వేళ్ళు, అలవాటైన ఊపిరి. వాటిని మార్చుకోవడమంటే కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. చివరకు శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు వచ్చాయి. 1982లో అక్కడే నాదస్వరం నేర్పే ఆశ్రమం పెట్టారు. అంటే తాను పొందిన ఇస్లాహ్‌ను మరొకరికి ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు.

ఇప్పుడు మన బాగ్ లింగంపల్లికి వద్దాము. అశోక్‌నగర్ వీధుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలను చూడండి. చిక్కడపల్లి గ్రంథాలయంలో కుర్చీ కోసం పొద్దున్నే బారులు తీరతారు. మాదిరి ప్రశ్నపత్రం వ్రాసి, వెంటనే 'కీ' తీసి, ఎక్కడ మార్కు పోయిందో లెక్క చూసుకుంటారు. ఆ తప్పును రేపు మళ్ళీ చేయకూడదని అక్కడే గుర్తు పెట్టుకుంటారు. ఇదే అచ్చమైన ఇస్లాహ్! అదే కుర్రవాడు సాయంత్రం ఒక నజ్మ్ వ్రాస్తే మాత్రం "వాహ్ వాహ్" అనే నలుగురి కోసం వెతుకుతాడు. ఉద్యోగం విషయంలో ఉన్న తెలివి కళ విషయంలో ఏమైపోతున్నది?

అందులో మన సంఘాల పాత్ర కూడా ఉంది, చెప్పక తప్పదు. పోటీలు పెడతాము, షీల్డులు ఇస్తాము, ఫోటో తీయిస్తాము. బహుమతి రాని పిల్ల తన వ్యాసంలో ఏమి లోపమో తెలియకుండానే ఇంటికి పోతుంది. బహుమతి వచ్చిన పిల్లకూ తెలియదు. ఆమె సంగతి మరీ ప్రమాదం, ఇక నేర్చుకోవలసింది లేదనుకుంటుంది.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి. వచ్చే ఏడాది షీల్డుల పద్దులో సగం తగ్గించండి. ఆ డబ్బుతో ఆదివారం సాయంత్రం ఒక గది, రెండు బల్లలు, కొన్ని తఖ్తీలు, కలాలు ఏర్పాటు చేయండి. ఖత్ వ్రాసేవారు ఒక బల్ల దగ్గర, ఉర్దూలోగాని తెలుగులోగాని కథ, కవిత వ్రాసేవారు రెండవ బల్ల దగ్గర. బల్లకొక పెద్ద మనిషి చాలు. ఆయనకు పొగిడే హక్కు లేదు, దిద్దే హక్కు మాత్రమే ఉండాలి. దిద్దించుకున్న కాగితం మరుసటి ఆదివారం తిరగవ్రాసి తెస్తేనే కొత్తది చూడాలి. ఆడపిల్లలకు వీలైన వేళ ఏదో ముందు వారినే అడిగి పెట్టండి. మనం పెట్టిన వేళకు వారు రాలేదనుకోవడం మనకు అలవాటైంది.

చదువుకోవడానికి పుస్తకాలు కూడా దూరం లేవు. అబ్దుస్సమద్ ఖాన్ అనే పుస్తకప్రియుడు జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ గ్రంథాలు మన ఇంటి పక్కనే, సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. 2000 ఆగస్టు వరదలో అవి నీట మునిగితే, ఎందరో కలిసి పుటలు ఆరబెట్టి కాపాడుకున్నారు. అంత శ్రమపడి మిగిల్చిన పుస్తకాలను తెరిచి చూసేవారు మన బస్తీ నుంచి ఎందరున్నారో మీరే చెప్పాలి.

మొదటి బల్ల దగ్గర కూర్చోవడానికి ఒక పాత కాతిబు సాహెబు ఒప్పుకున్నారు, జీతం వద్దన్నారు, టీ మాత్రం ఉండాలన్నారు. రెండవ బల్లకు మనిషి కావాలి. సభ అయిన తరువాత పేరు ఇవ్వదలచినవారు కార్యదర్శిగారిని కలవండి.