తీన్మార్‌కు వనపర్తి వేరు
(వీపనగండ్లలో సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాస పాఠం)

వెనక వరుసలో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా ఆ వెనక వరుస గురించే.

సురవరం వారు 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సంగతి, 1952లో మన వనపర్తి నుంచే శాసనసభకు వెళ్లిన సంగతి మీకు కొత్త కాదు. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన చేసిన పనిని మాత్రం ఒకసారి తలచుకుందాం. రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ జూదంలో మునిగారు అని కావ్యాల్లోంచీ సామెతల్లోంచీ ఏరి తెచ్చారు. ‘క్రీడాభిరామం’ ఆయనకు పెన్నిధి. అందులో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులు పట్టుకుని తిరుగుతారు, కోడిపందెం చూస్తారు, పూటకూళ్ల ఇంట్లో తింటారు. బూతుందని కొందరు మొహం చిట్లించిన ఆ పుస్తకంలో ఆయనకు ఒక పట్నం కనిపించింది.

సురవరం వారి చరిత్ర 1907 దగ్గర ఆగింది. తర్వాతి కథ చెప్పేవాళ్లు హైదరాబాద్ కుర్రకారు దగ్గరికి వచ్చేసరికి ఒకే పాఠం ఒప్పజెబుతారు: 1991లో ఆర్థిక సంస్కరణలు, 1998లో సైబర్ టవర్స్, అమీర్‌పేటలో కోర్సులు, మాల్స్, మల్టీప్లెక్సులు, అమెరికా. అబద్ధం కాదు. కానీ అది అద్దాల మేడ లోపల కూర్చుని రాసిన చరిత్ర. ఆ మేడకు తట్ట మోసిన పిల్లలు అందులో లేరు. పాలమూరు లేబర్ అన్న పేరు నాగార్జునసాగర్ నాటికే ఉంది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని తండ్రులు డ్యాములకు పోతే, కొడుకులు పట్నంలో అడ్డా మీద నిలబడ్డారు. వాళ్లకూ పద్దెనిమిదేళ్లే. వాళ్లకూ పాటలు కావాలి, హీరో కావాలి, కటింగ్ కావాలి.

ప్రపంచీకరణ 1991లోనే మొదలైందన్న మాటా నాకు మింగుడుపడదు. బరాత్‌లో గానీ, గణేశ్ నిమజ్జనంలో గానీ హైదరాబాద్ కుర్రాళ్లను ఊపేసే దెబ్బ తీన్మార్. దాని వెనక మర్ఫా వాద్యం ఉంది. మర్ఫాను ఆ నగరానికి ఇచ్చింది నిజాం కొలువుకు వచ్చిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు. బార్కస్, ఏసీ గార్డ్స్ పేటలు వాళ్లవే. ఇక మన ఇంటి ముచ్చట వినండి. వనపర్తి సంస్థానాధీశుల దగ్గర ఆఫ్రికన్ అంగరక్షక దళం ఒకటి ఉండేది. అది తర్వాత నిజాం సైన్యంలో కలిసిపోయింది. అంటే పట్నం నుంచి మనకొచ్చిందనుకునే ఆ దెబ్బకు ఒక వేరు మన రాజావారి దేవిడీ ముందు నుంచే పోయింది. మొత్తం మనదేనని గొప్పలకు పోను. ఒక వేరు, అంతే.

ఇప్పుడు ఆ దెబ్బనూ పాటలనూ మన పిల్లలు జేబులో పెట్టుకు తిరిగిన మెమరీ కార్డు దగ్గరికి వద్దాం. స్మార్ట్‌ఫోన్ రాకముందు మండల కేంద్రాల్లో పాటలు ఎక్కించే షాపులుండేవి. పదో ఇరవయ్యో ఇస్తే షాపతను కంప్యూటర్‌లోంచి కార్డు నింపేవాడు. ఫోల్డర్లకు పేర్లు: ఫోక్, డీజే, దేవుడి పాటలు, చిరంజీవి హిట్స్. మన నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం మనిషి గోరటి వెంకన్న పాట, 2002లో ‘కుబుసం’ సినిమాకెక్కి ఊరూరా మోగిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’, ఆ ఫోక్ ఫోల్డర్‌లో ఉండేది. ప్రపంచీకరణ ఊరి వృత్తులను ఎలా మింగిందో చెప్పే ఆ పాటను మన పిల్లలు నాలుగు స్పీకర్ల చైనా ఫోన్‌లో విన్నారు. దాని వెనకే డీజే రీమిక్సు. దీన్ని వైరుధ్యమనేవాళ్లు అనొచ్చు. పని కోసం పట్నం పోయి, పండక్కి ఊరొచ్చే మనిషికి రెండూ నిజమే.

ఆ రీమిక్సుల్లో పాట మధ్యలో ఒక గొంతు అరుస్తుంది: ఫలానా డీజే, ఫలానా ఊరు. కిటికీ అద్దాలు అదిరిన పెద్దలకు విసుగే. నాకు మాత్రం అది కావ్యంలో ఆశ్వాసాంత గద్యలా వినిపిస్తుంది. అక్కడ కవి తన పేరూ తండ్రి పేరూ చెప్పుకున్నట్టే, ఇక్కడ ఈ పిల్లగాడు తన పేరూ ఊరూ చెక్కుకుంటున్నాడు. ఏ పత్రికా అచ్చువేయని పేరది.

ఆడపిల్లల సంగతి వేరు. ఇంట్లో ఒక్క ఫోను, అదీ అన్న జేబులో. హాస్టల్లో చేరాకే సొంత ఫోను చేతికొచ్చినవాళ్లు ఎందరో. వాళ్లు ఏం విన్నారో ఆ కార్డుల్లో దొరకదు, వాళ్లను అడగాల్సిందే.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, అక్టోబరు 11న వనపర్తి జిల్లా అయింది. ఎక్కడి పాటైనా ఫోన్లోనే దొరికాక కార్డు షాపులు కవర్లూ గ్లాసులూ అమ్ముకోవడంలో పడ్డాయి. ఆలోగా గాలి ఎదురు వీచింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్, అందులో గంగవ్వ, సినిమాలు రౌడీలకూ కమెడియన్లకూ వదిలేసిన తెలంగాణ యాసను పట్నం ఫోన్లలోకి పంపారు.

రికార్డు మాత్రం చేజారుతోంది. కార్డులు విరిగాయి, షాపుల హార్డ్ డిస్కులు తూకానికి పోయాయి, పెళ్లి క్యాసెట్లు అటకల మీద బూజు పడుతున్నాయి. పైగా రీమిక్సుల్లో చాలావాటికి హక్కుల అనుమతి లేదు, గ్రంథాలయాలు వాటిని దాచడానికి జంకుతాయి. కాబట్టి ముందు మనుషులను అడగాలి. ఈ మండలంలో డీజే పెట్టెలు మోసినవాళ్లున్నారు, పాటలు ఎక్కించినవాళ్లున్నారు, అడ్డా మీద నిలబడి రాత్రి సెకండ్ షో చూసినవాళ్లున్నారు. ఏ సినిమా, ఏ టాకీసు, టికెట్టుకు ఎంత, తిరిగి గదికెలా పోయారు? సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, నోటుబుక్కు తెచ్చుకున్నాను.