నూటికి పది వడ్డీ

పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు మన వడ్డీకాసులవాడే ఇంకా వడ్డీ కడుతున్నాడంటారు. ఇక మనమెంత! నూటికి పది వడ్డీ అంటే వినడానికి చిన్నదే. కానీ అది నెలకు. 10 వేలు తెస్తే ఏడాదిలో 12 వేలు వడ్డీకే పోతాయి, అసలు అట్లాగే ఉంటుంది.

ఇలాంటి అప్పు జోలికి పోకుండా ఉండాలంటే పొదుపే దారి. 1990ల్లో నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. పాలబిల్లు చేతికొచ్చిన రోజే, అంగడికి పోకముందే, కొంత సంఘంలో కట్టేయండి. మిగిలిందే ఖర్చుకు. చేబదుళ్లు కూడా నోటుబుక్కులో రాసుకోండి.

ఉన్న అప్పుల్లో ఎక్కువ వడ్డీది ముందు తీర్చండి. సంఘంలో తక్కువ వడ్డీకి తీసుకునైనా సరే, ఆ నూటికి పది బాకీ ఈ ఏడాదే వదిలించుకోండి.